తవుడు పోసి కొన్న పిల్ల

కాళ్ళు కడుక్కున్నావా? అయితే ఇలా రా, నా పక్కన పడుకో. ఆ దుప్పటి నాక్కూడా కొంచెం వదులు. నేను చెప్తూంటే ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే కథ అలిగి మధ్యలోనే లేచిపోతుంది, నాకు తెలీదు మరి.

అనగా అనగనగా, సముద్రపు గాలి తగిలే చోట, గెడ్డ పక్కన ఒక ఊరు. గెడ్డంటే వాగులే, మా పక్క అలాగే అంటాం. ఊరంతా గెడ్డకి ఇవతల. అవతలి గట్టు మీద ఒకే ఒక్క తాటాకు గుడిసె. ఆ గుడిసెలో దాలమ్మ అని ఒకావిడ ఉండేది.

ఒక్కతే ఉండేది. మొగుడు పెళ్ళైన ఏడాదికే కాలం చేశాడు. పిల్లలు లేరు, అత్త లేదు, ఆడపడుచు లేదు. పోట్లాడుకుందామన్నా ఇంట్లో ఇంకో మనిషి లేదు. అప్పుడప్పుడు దాలమ్మ పొయ్యిని తిట్టేది, 'మండవేటే?' అని. పొయ్యి మాట్లాడుతుందా?

ఆవిడ బతుకంతా ఏరుకోవడమే. పొద్దున్నే లేచి తోటల్లో పుల్లలు ఏరుకునేది. అప్పుడు పొయ్యి వెలిగేది. కోతలయ్యాక చేలల్లో రాలిన కంకులు ఏరుకునేది, దాన్నే పరిగ అంటారు. అప్పుడు కుండలో నాలుగు గింజలు పడేవి. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళ బియ్యంలో రాళ్ళు ఏరిపెట్టేది. వాళ్ళు చారెడు నూకలు కొంగులో పోసేవారు.

ఏరడమంటే ఏమిటో తెలుసా నీకు? ఇందాక అన్నంలో కరివేపాకు ఏరి కంచం పక్కన పారేశావు చూడు, అదీ ఏరడమే. వద్దనుకుని ఏరడం. మొన్న సంతలో ఎర్రగాజులు కాదు ఆకుపచ్చవి, ఇవి కాదు అవి, అని మీ తాతయ్యని ఎండలో నిలబెట్టావు కదా, అదీ ఏరడమే. కావాలని ఏరడం. దాలమ్మది ఈ రెండూ కాదు. అందరూ తీసుకెళ్ళగా, ఎవరికీ అక్కర్లేక నేల మీద ఏం మిగిలితే అది ఆవిడది. దొరికింది తెచ్చుకోవడమే గాని, నాకిది కావాలి అనడం ఆవిడకి అలవాటు లేదు.

ఆ ఊళ్ళోనే, గెడ్డకి ఇవతల, అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. పెంకుటిల్లు, పాడి, పొలం, మంచి మొగుడు, అన్నీ ఉన్నాయి. బిడ్డ మాత్రం నిలవలేదు. మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. రెండో బిడ్డ నెల తిరక్కుండా పోయింది. మూడో బిడ్డ పాకింది, నవ్వింది, 'తాత' అంది, ఆ తర్వాత అదీ పోయింది. అసిరమ్మ ఇంక ఏడవలేక ఊరుకుంది.

నాలుగోసారి నెలలు నిండినప్పుడు మంత్రసాని ముసలమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఆ పక్క ఊళ్ళల్లో అందరికీ తెలిసిన ఉపాయమే. పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టేస్తారు. అప్పుడు ఇంకో ఆడమనిషి వచ్చి, 'నాకు దొరికింది, ఇది నాది' అని బిడ్డని ఏరుకుంటుంది. ఆ తర్వాత తల్లి తవుడు పోసి ఆ బిడ్డని కొనుక్కుంటుంది. చావు వచ్చి చూస్తుందట. 'ఓహో, ఇది అసిరమ్మ కన్నది కాదే, తవుడుకి కొన్నది కదా' అనుకుని వెళ్ళిపోతుందట. చావుకి బొత్తిగా బుర్ర లేదనుకుంటారు జనం. ఏం చేస్తారు పాపం, అలా అనుకోకపోతే బతకలేరు.

మరి బిడ్డని ఏరుకునేది ఎవరు? ఆడవాళ్ళంతా కూర్చుని ఆలోచించారు. ఎంచి ఎంచి దాలమ్మ పేరు చెప్పారు.

"దానికైతే పోడానికింక ఎవులూ నేరు. సావు దాని గుమ్మం తొక్కదు" అంది మంత్రసాని.

ఆ మాట దాలమ్మ చెవిన పడింది. ఊరంతా కలిసి తనని ఎంచుకోవడం ఆవిడకి అదే మొదలు. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. తల దువ్వుకుని, ఉన్నవాటిల్లో చిరుగు లేని చీర కట్టుకుని వెళ్ళింది.

చేటలో ఆడపిల్ల. ఎర్రగా, పిడికిళ్ళు బిగించి, ఎవరి మీదో కోపం వచ్చినట్టు ఉంది. దాలమ్మ వంగి ఎత్తుకుంది. "నాకు దొరికినాది. ఇది నాది" అంది. అనమన్నారు కాబట్టి అంది. అప్పుడు ఆ బిడ్డ ఆవిడ వేలు పట్టుకుంది.

"పిల్లనమ్ముతావా?" అని అసిరమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"అమ్ముతాను. కుంచెడు తవుడుకి" అంది దాలమ్మ. అలాగే అనాలి మరి.

అప్పుడు బిడ్డని తీసుకున్నారు. ఒళ్ళో తవుడు పోశారు. తమలపాకు నమిలినంత సేపు కూడా పట్టలేదు. దాలమ్మ గెడ్డ దాటి ఇంటికి వచ్చి, తలుపేసుకుని, పొద్దుగూకేదాకా ఏడ్చింది. నాదని నోటితో అన్న ఒకే ఒక్కదాన్ని ఆ నోటితోనే అమ్మేసింది కదా.

ఈ ఉపాయానికి కట్టుబాట్లున్నాయి. పిల్లకి పాలపళ్ళు ఊడి పెద్దపళ్ళు వచ్చేదాకా, కొన్న తల్లి 'ఇది నా పిల్ల' అనకూడదు. అంటే చావు వినేస్తుంది. అమ్మినావిడ పిల్లని మళ్ళీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే బేరం చెడిపోయి, పిల్ల అమ్మినావిడదే అయిపోతుంది.

పిల్లకి తవిటమ్మ అని పేరు పెట్టారు. అందరూ తవిటీ అనేవారు.

అసిరమ్మ కట్టుబాటు తప్పలేదు. పిల్లకి తల దువ్వింది, ముద్దలు కలిపి పెట్టింది, జ్వరం వస్తే తడిగుడ్డ వేసింది. కానీ 'నా తల్లే, నా బంగారమే' అనలేదు. ఎవరైనా 'మీ పాప ముద్దొస్తోంది' అంటే, చావు వింటోందేమోనని ఇంటికప్పు వైపు ఒక చూపు చూసి, 'మాది కాదమ్మా, కొన్నాం' అనేది. పిల్ల నిద్రపోయాక దాని పాదాల దగ్గర కూర్చుని ముద్దులు పెట్టుకునేది. నిద్రపోయే పిల్లకి ఆ ముద్దులెలా తెలుస్తాయి?

దాలమ్మ కూడా తప్పలేదు. పిల్ల దారిలో ఎదురైతే ఆవిడ గబుక్కున ముళ్ళపొదల్లోకి తప్పుకునేది. పిల్ల వెళ్ళిపోయాక చాలాసేపు అక్కడే నిలబడి ఉండేది.

అలా పిల్లకి ఆరేళ్ళు వచ్చాయి. ముందుపన్ను ఒకటి ఊడింది.

అప్పుడు ఒకరోజు ఆటలో జగడం వచ్చింది. 'నిన్ను తవుడుకి కొన్నార్లేవే' అన్నారు పిల్లలు. మన దగ్గర అందరు పిల్లల్నీ అంటారు కదా ఆ మాట. నిన్నూ అన్నాం. నువ్వు మూతి ముడిచి ఏడుస్తే మీ అమ్మ నవ్వి, ఒళ్ళోకి లాక్కుని, ముద్దు పెట్టుకుంది. అలా లాక్కోవడం కోసమే ఆ మాట అంటారు. తవిటి కూడా పరుగున ఇంటికి పోయి తల్లిని అడిగింది.

"నాను నీ పిల్లనేనా?"

అసిరమ్మ ఇంటికప్పు వైపు చూసింది. "తవుడుకి కొన్నాం నిన్ను" అంది. నవ్వలేదు. ఒళ్ళోకి లాక్కోలేదు.

అప్పుడు తవిటి మంత్రసాని ఇంటికి పోయింది. "నన్నెవుల కాడ కొన్నారు?" అని అడిగింది. ముసలిదానికి పొగచుట్ట మీద ధ్యాస. "గెడ్డవతల దాలమ్మ కాడే" అనేసింది.

మొదటిరోజు దాలమ్మ చోడిచేలో, అంటే రాగిచేలో, పరిగ ఏరుకుంటోంది. వెనక అలికిడైంది. తిరిగి చూస్తే తవిటి.

"మాయమ్మవి నువ్వేనా?"

దాలమ్మ చేతిలో కంకులు జారిపోయాయి. పిల్లని అంత దగ్గరగా చూడటం ఆరేళ్ళ తర్వాత మళ్ళీ ఇప్పుడే. చెంప మీద మట్టి మరక ఉంది. తుడవాలని చెయ్యి లేచింది. అప్పుడు కట్టుబాటు గుర్తొచ్చి, ఆ చేత్తోనే మట్టిగడ్డ తీసి కొడతానన్నట్టు ఎత్తింది. "ఎల్లెల్లు! ఎవులు సెప్పినారు నీకు? ఇటేపు రాకు!" అని గదమాయించింది. పిల్ల వెళ్ళిపోయింది. ఆ రోజు దాలమ్మ ఇంక ఏమీ ఏరుకోలేదు. కళ్ళ ముందున్న కంకులే కనపడలేదు.

రెండోరోజు పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి దూరంగా కూర్చుని తనూ పరిగ ఏరింది. ఏరి ఏరి చిన్న కుప్ప చేసి, బుట్ట పక్కన పెట్టి, మళ్ళీ దూరం జరిగింది. దాలమ్మ తరమాలనుకుంది. తరమలేదు. నాలుగు చేతులు పడేసరికి బుట్ట మధ్యాహ్నానికే నిండింది. ఎన్నడూ లేనిది, బుట్ట తొందరగా నిండిందని ఆవిడకి దిగులేసింది.

"నన్నెందుకమ్మేసినావు? నాను అల్లరి సేసినానా?" అని పిల్ల అడిగింది.

"అల్లరెక్కడే, నువ్వప్పుడు ఇంతే ఉన్నావు" అంది దాలమ్మ, రెండు చేతులూ జానెడు దూరంలో పెట్టి చూపిస్తూ. కాదనాలి. నేను కాదు మీ అమ్మని, అని చెప్పాలి. ఆ మాట అనకుండా వంగి ఇంకో కంకి ఏరింది. ఒక్కరోజు అమ్మగా ఉంటే ఎవరికి నష్టం, అనుకుంది.

ఊఁ కొట్టు మరి. నిద్రపోయావా? లేదా? సరే.

మూడోరోజు కొండల్లో వాన పడింది. గెడ్డ నీళ్ళు ఎర్రగా పొంగాయి. దాటడానికి వేసిన రాళ్ళు మునిగిపోయాయి. దాలమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. అప్పుడు ఊరి వైపు గట్టు మీద తవిటి కనపడింది. పావడా అంచు పైకెత్తి, అందులో ఏదో మూటలా పట్టుకుని, నీళ్ళలో అడుగు పెట్టేసింది.

"వొద్దే! ఆగే!" అని దాలమ్మ అరిచింది. నీళ్ళ హోరులో ఎవరికి వినపడుతుంది?

పిల్ల ఒక రాయి దాటింది. రెండో రాయి దాటింది. మూడో రాయి మీద కాలు జారింది.

దాలమ్మ ఇంక ఏమీ ఆలోచించలేదు. నడుం లోతు నీళ్ళలోకి దూకి, పిల్ల జుట్టు పట్టుకుని, ఆ తర్వాత భుజం పట్టుకుని, ఒడ్డుకి లాగి, ఒళ్ళోకి ఎత్తుకుంది. ముట్టుకుంది.

పిల్ల దగ్గింది, నీళ్ళు కక్కింది. ఆ తర్వాత పావడా అంచు విప్పి చూసుకుని గట్టిగా ఏడ్చింది. అందులో ఏమీ లేదు. "నీకిచ్చిన తవుడు ఆవిడకి తిరిగిచ్చేస్తావని తెచ్చినాను. గెడ్డలో పోయినాది. ఇంక నన్ను తీసుకోవా?" అంది.

దాలమ్మ పిల్లని గుండెకి అదుముకుని అక్కడే బురదలో కూర్చుండిపోయింది. బేరం చెడింది కదా, కట్టుబాటు ప్రకారం పిల్ల ఇప్పుడు తనది. తను దొంగతనం చేయలేదు. ఎవరినీ అడగలేదు. గెడ్డే తెచ్చి ఒళ్ళో వేసింది. చూసినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

అప్పుడు పిల్లని గుడిసెలోకి తీసుకెళ్ళి తల తుడిచింది. తన పాత చీర చుట్టింది. వేడి వేడి చోడి అంబలి పోసింది. పిల్ల తాగుతూ గుడిసె అంతా కలయజూసి, పొయ్యికి దగ్గరగా వెచ్చటి మూల ఏరుకుంది. "నానిక్కడ పడుకుంటాను" అంది. ఆ మూల ఇన్నాళ్ళూ ఖాళీగా ఉందని దాలమ్మకి అప్పుడే తెలిసింది.

అప్పుడు గెడ్డకి ఊరి వైపు నుంచి ఒక కేక వినపడింది. "ఓలే తవిటీ!" దాలమ్మ వినపడనట్టు కుండ కలుపుతూ కూర్చుంది.

కాసేపటికి మళ్ళీ కేక. ఈసారి దగ్గరగా. అసిరమ్మ ఎగువన రేవు దగ్గర దాటినట్టుంది. "పలక్కు. నన్ను కొన్నావిడ" అని పిల్ల దాలమ్మ కొంగు పట్టుకుంది. దాలమ్మ పలకలేదు. అవును, పలకలేదు. మనుషులన్నాక ఆశ ఉండదా?

మూడోసారి కేకలో పేరు కూడా లేదు. గొంతు పగిలిపోయి, ఓ అని ఒక ఏడుపు, అంతే. దాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బిడ్డనిచ్చేసి వచ్చిన రోజు ఈ గుడిసెలో తను ఏడ్చిన ఏడుపు అదే.

"తవిటీ, నిన్ను కన్నది ఆవిడే. నాను కాదు" అంది.

"అబద్దం. ఆవిడెప్పుడూ నన్ను తనదనలేదు."

దాలమ్మ లేచింది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని బయటికి నడిచింది.

గట్టు మీద అసిరమ్మ. జుట్టు విడిపోయి, కాళ్ళంతా బురద. పిల్లని చూసి రెండడుగులు పరుగెత్తింది. ఆ తర్వాత పిల్ల చెయ్యి దాలమ్మ చేతిలో ఉండటం చూసి నిలబడిపోయింది.

"ముట్టుకున్నావా అప్పా?" అంది. అప్పంటే అక్క.

"ముట్టుకున్నాను. గెడ్డలో కొట్టుకుపోతంటే సూస్తా కూకోమంటావా?"

"అయితే బేరం సెడింది" అంది అసిరమ్మ. "మళ్ళీ అమ్మప్పా. తవుడు తెస్తాను. ఎన్ని కుంచాలన్నా తెస్తాను."

"ఈపాలి బేరం నేదు" అంది దాలమ్మ.

అసిరమ్మ కూలబడిపోయింది. పిల్లని ఇంక ఇవ్వదనుకుంది. అప్పుడు దాలమ్మ అంది, "ఒకపాలి అమ్మినాను. ఆ కష్టం నాకు సాలు. నీ పిల్లయితే నీదని నోరిప్పి సెప్పి తీసుకుపో. నువ్వనకపోతే నానంటాను. ఎలాగా నాకు వొచ్చిన మాటే అది."

అసిరమ్మ ఆకాశం వైపు చూసింది. పోయిన ముగ్గురూ గుర్తొచ్చారు. పిల్ల నోట్లో పెద్దపళ్ళు ఇంకా రాలేదు. అన్నదంటే చావు వింటుంది. అనకపోతే పిల్ల పోతుంది. తవిటి కళ్ళార్పకుండా తల్లి నోటివైపే చూస్తోంది.

"నాది" అంది అసిరమ్మ, పెదాలు కదిలీ కదలకుండా.

"ఇనపడనేదు" అంది దాలమ్మ.

"నా పిల్ల" అంది అసిరమ్మ.

"దానికీ ఇనపడనేదు."

అప్పుడు అసిరమ్మ లేచి నిలబడి, ఊరంతా వినేటట్టు, కొండలు వినేటట్టు, "నాదే! నా కడుపున పుట్టినాది! నా బంగారమే, ఇది నా పిల్లే!" అని అరిచింది. అరిచి కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఏమీ కాలేదు. పిడుగు పడలేదు. గెడ్డ తన దారిన తను పోతోంది. దాలమ్మ చేతిలోంచి చిన్న చెయ్యి జారిపోయింది. పిల్ల పరుగెత్తుకెళ్ళి తల్లి మెడకి చుట్టుకుపోయింది.

ఆ తర్వాత అసిరమ్మ కళ్ళు తుడుచుకుని, పిల్లని చంకనేసుకుని దాలమ్మ దగ్గరికి వచ్చింది. "అప్పా, మా ఇంట్లో ఏటి కావాల్నో ఏరుకో. ఆవు కావాలా, దూడ కావాలా, గెడ్డ పక్క మడిచెక్క కావాలా? నువ్వేది సూపిస్తే అది నీదే" అంది. మనస్ఫూర్తిగానే అంది.

దాలమ్మకి కావలసింది ఆవిడ చంకనే ఉంది. తల్లి భుజం మీద తల పెట్టుకుని, అప్పుడే కళ్ళు మూతలు పడుతున్నాయి.

"నాకేటొద్దు. సీకటి పడకముందే గెడ్డ దాటండి" అంది దాలమ్మ.

వాళ్ళు వెళ్ళిపోయారు. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. దాలమ్మ లోపలికి పోయి, పొయ్యిలో పుల్లలు ఎగదోసి, వెచ్చటి మూలలో తనే పడుకుంది. ఏడ్చిందా అంటావా? ఏడ్చింది. ఎందుకేడవదూ?

తవిటి మళ్ళీ ఆ గుడిసెకి వచ్చిందా అని కదూ అడుగుతున్నావు? రాలేదమ్మా. వాళ్ళమ్మ రమ్మంది, పండగలకి పిండివంటలు పంపించింది. పిల్లే రాలేదు. అమ్మ ఒడి దొరికిన పిల్లకి ఇంకో గుమ్మం ఎందుకు గుర్తుంటుంది? అలా మర్చిపోయిందంటే ఆ పిల్లకి ఇంక ఏ బెంగా లేదన్నమాట. దాలమ్మ పరిగ ఏరుకుంటూ దూరం నుంచి ఆ పిల్ల ఆటలు చూసేది. ఇప్పుడు ముళ్ళపొదల్లోకి తప్పుకోవక్కర్లేదు. కొన్నాళ్ళు పోయాక పిల్ల ఎదురుగా వచ్చినా ఎవరో పరిగ ఏరుకునే ఆవిడ అనుకుని పక్కనుంచి వెళ్ళిపోయేది.

ఏడుస్తున్నావేమే పిచ్చిదానా? ఇలా దగ్గరికి రా. నువ్వు నాదానివే. గట్టిగా అననా? నాదానివే.

కథ నడిచి కంచికి పోయె,
కునుకు వచ్చి కంటికి చేరె,
పరిగ ఏరే అవ్వకి పొయ్యి వెచ్చన,
ఇంటికొచ్చిన మనకి దుప్పటి వెచ్చన.